పాత వ్యాన్‌కి క్లచ్ ఆయిల్ కారుతోంది, రివర్స్ పడట్లేదు. గేర్ బాక్స్ దింపాల్సిందేనా?

నల్లపాడు_వ్యాన్
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, నల్లపాడు వైపు. 2009 మోడల్ డీజిల్ వ్యాన్, 13 సీట్లు, పెళ్లిళ్లకీ యాత్రలకీ కిరాయికి తిప్పుతాను. కొంతకాలంగా పొద్దున్నే స్టార్ట్ చేసి రివర్స్ వేయబోతే గరగరమంటోంది, ఒక్కోసారి అసలు పడదు. క్లచ్ గబగబా రెండు మూడు సార్లు కొట్టి వేస్తే అప్పుడు పడుతుంది. ఇంజిన్ ఆపేస్తే మాత్రం అన్ని గేర్లూ సుబ్బరంగా పడుతున్నాయి. ముందు డబ్బాలో ఆయిల్ కూడా తగ్గుతోంది, పోస్తున్నాను, మళ్లీ తగ్గుతోంది. మొన్న కాజ టోల్ గేట్ లైన్లో ఉండగా పెడల్ నేలకి అతుక్కుపోయి పైకి రాలేదు, పాదం కింద పెట్టి పైకి లాగుతూ కొట్టుకుంటూ ఎలాగో పక్కకి తీశాను, బండి నిండా పెద్దవాళ్లు ఉన్నారు, చాలా టెన్షన్ పడ్డాను. ఇక్కడ ఒక మెకానిక్‌కి చూపిస్తే క్లచ్ ప్లేట్ సెట్ పోయింది, గేర్ బాక్స్ దింపాలి అన్నాడు. ఆ సెట్ వేయించి రెండేళ్లు కూడా కాలేదు. వచ్చే వారం శ్రీశైలం కిరాయి ఒప్పుకున్నాను, వినుకొండ మీదుగా దోర్నాల ఘాట్ ఎక్కాలి. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఆటోనగర్_పాత_చేయి
తమ్ముడూ, గేర్ బాక్స్ మీద ఇప్పుడే ఎవర్నీ చెయ్యి వేయనివ్వకు. ప్లేట్ అరిగిపోతే లక్షణాలు వేరేగా ఉంటాయి. గేర్లో ఉండి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాడు వాసన వస్తుంది. అది క్లచ్ జారడం. నీకు జరుగుతున్నది దానికి తలకిందులు, క్లచ్ విడట్లేదు. ఇంజిన్ ఆపితే గేర్లు పడుతున్నాయంటే గేర్ బాక్స్ బాగానే ఉంది. పెడల్ నాలుగుసార్లు కొడితే పని చేస్తోందంటే లైన్లో గాలి చేరింది, లేదా ప్రెషర్ ఎక్కడో పోతోంది. డబ్బాలో ఆయిల్ తగ్గుతోందని నువ్వే చెప్పావు. ఆయిల్ ఆవిరైపోదు కదా, ఎక్కడో కారుతోంది. అది ఎక్కడో తెలిసేదాకా ఒక్క నట్టు కూడా విప్పొద్దు.

ముందు క్యాబిన్లో పెడల్ పైన, క్లచ్ మాస్టర్‌లోకి, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే సిలిండర్‌లోకి, రాడ్ దూరే చోట చూడు. తర్వాత మాస్టర్ నుంచి కిందికి వెళ్లే పైపు, దాని నట్టులు, మధ్యలో ఉండే రబ్బరు గొట్టం. తర్వాత కింద స్లేవ్ సిలిండర్, ఆ ఆయిల్ తోపుకి క్లచ్‌ని విడదీసేది అదే. బెల్ హౌసింగ్ అంటే ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప, దాని పక్కన రెండు బోల్టులతో బిగించి, పైపు వచ్చి చేరే చిన్న సిలిండర్ కనపడితే స్లేవ్ బయట ఉన్నట్టు, నీకు సగం కష్టం తప్పింది. బయట ఏమీ కనపడకుండా పైపు నేరుగా బెల్ హౌసింగ్ లోపలికి దూరిపోతుంటే స్లేవ్, క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్‌తో కలిసి లోపలే ఉంటుంది, అప్పుడు మాత్రం గేర్ బాక్స్ దింపక తప్పదు.

బయట ఉంటే దాని మూతికి ఉన్న రబ్బరు బూట్‌ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా వెనక్కి లాగు. లోపల పొడిగా ఉండాలి. కాస్త చెమ్మ ఉంటే ఉండనీ, కానీ ఆయిల్ బొట్లుగా జారితే దాని రబ్బరు పోయినట్టే. జాకీ ఒక్కదాని మీద బండి నిలబెట్టి కిందికి దూరకు. స్టాండ్లు పెట్టు, లేకపోతే గుంత ఉన్న షెడ్డుకి తీసుకెళ్లు.

సత్తెనపల్లి_కుర్రాడు
అన్నా నాది పాత ఓమ్నీ, నాకూ గేర్లు గట్టిగానే పడుతున్నాయి. క్లచ్ ఆయిల్ ఎక్కడ పోయాలో కనపడట్లేదు.

ఆటోనగర్_పాత_చేయి
ఓమ్నీకి క్లచ్ ఆయిల్ ఉండదు బాబూ, దానిది కేబుల్ క్లచ్. కేబుల్ సాగిందేమో, పోగులు తెగాయేమో చూసి అడ్జస్ట్ చేయించు. ఇక్కడ చెప్పేది నీ బండికి వర్తించదు.

పటమట_బోధకుడు
పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెప్తుంటాను, రెండు మాటలు కలుపుతాను. పెడల్ తొక్కితే మాస్టర్‌లో పిస్టన్ ఆయిల్‌ని నెడుతుంది, ఆ ఆయిల్ స్లేవ్‌లో పిస్టన్‌ని నెడుతుంది, అది ఫోర్క్‌ని, ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ని. ఆయిల్ నొక్కితే నలగదు కాబట్టే ఇదంతా పని చేస్తుంది. గాలి నలుగుతుంది. లైన్లో చిన్న గాలి బుడగ ఉన్నా మీరు తొక్కిన దూరంలో కొంత ఆ బుడగని నలపడానికే పోతుంది, స్లేవ్ రాడ్ పూర్తిగా బయటకి రాదు, ప్లేట్ పూర్తిగా విడదు. రివర్స్‌కి చాలా బళ్లలో సింక్రో, అంటే గేర్ల వేగాలు కలిపే రింగు, ఉండదు, అందుకే ముందు రివర్స్‌లోనే గరగర వినపడుతుంది.

మీరు "ముందు డబ్బా" అన్నారు, అది క్లచ్‌కి వేరుగా ఉందా, బ్రేక్ డబ్బాయేనా? కొన్ని బళ్లలో రెండింటికీ ఒకటే డబ్బా. క్లచ్ పైపు డబ్బాలో కాస్త పైన కలుస్తుంది, ఆయిల్ తగ్గితే ముందు క్లచ్ పోతుంది, బ్రేకులకి అడుగున కొంత మిగులుతుంది. ఆ ఏర్పాటు మీ ప్రాణం కాపాడటానికి చేసినది. మీ పెడల్ టోల్ గేట్ దగ్గర నేలకి పోయిందంటే డబ్బాలో ఆయిల్ ఆ పైపు మట్టం దాకా దిగిందేమో చూసుకోండి. ఒకటే డబ్బా అయితే దీన్ని క్లచ్ రిపేర్ అనుకోకండి, బ్రేక్ రిపేర్ కిందే లెక్క.

నల్లపాడు_వ్యాన్
సార్, డబ్బా ఒకటే. పైపు పక్కన పైకి ఉంది, మీరు చెప్పినట్టే. మా డ్రైవర్లం ఎవరం దీన్ని ఇలా ఆలోచించలేదు. బండి ఆపేశాను, చిన్న కిరాయిలు కూడా వేరే వాళ్లకి ఇచ్చేశాను.

అన్నా, స్లేవ్ బయటే ఉంది. పొద్దున గుంటూరు ఆటోనగర్లో తెలిసిన వాళ్ల షెడ్డులో గుంత మీద పెట్టి బూట్ లాగాను. లాగగానే కారింది, చేతి మీదుగా మోచేతి దాకా. కానీ పక్కన గేర్ బాక్స్ కూడా జిడ్డుగానే ఉంది, ఇదీ అదీ ఒకటేనా అని అనుమానం.

ఆటోనగర్_పాత_చేయి
గిన్నెలో నీళ్లు పోసి ఆ ఆయిల్ ఒక చుక్క వెయ్యి. క్లచ్‌లో పోసేదీ బ్రేక్ ఆయిలే, అది నీళ్లలో కలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ పైన తేలతాయి. గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది, ఒకసారి పీల్చినవాడు మర్చిపోడు. బెల్ హౌసింగ్ అడుగు నుంచి నల్లటి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే అది క్రాంక్ వెనక సీల్, అది వేరే కథ.

నల్లపాడు_వ్యాన్
కలిసిపోయింది. బ్రేక్ ఆయిలే. గేర్ బాక్స్ మీద ఉన్నది పాత జిడ్డు, తుడిచి చూస్తే మళ్లీ రాలేదు.

తెనాలి_స్కూల్_బండి
నేను తెనాలిలో స్కూల్ పిల్లల బండి నడిపిస్తాను, ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు. తమ్ముడూ, బండి ఆపేసి మంచి పని చేశావు. ఆయిల్ పోసుకుంటూ తిప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను, అది నాకు అస్సలు నచ్చని పని. మన బండిలో కూర్చున్నవాళ్లకి ఆ డబ్బాలో ఏముందో తెలియదు, మనల్ని నమ్మి ఎక్కుతారు.

ఇంకోటి. ఆ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, ఎక్కడ కారినా నీళ్లు బాగా పోసి కడగాలి. కంట్లో పడితే వెంటనే మంచి నీళ్లతో చాలాసేపు కడుక్కోవాలి. ట్యూబ్ పెట్టి నోటితో లాగే అలవాటు కొంతమందికి ఉంది, అది విషం, దయచేసి ఎవరూ చేయకండి, పెద్ద సిరంజి మందుల షాపులో దొరుకుతుంది.

మా పాత బండికి ఒకప్పుడు ఎవరో తొందరలో పవర్ స్టీరింగ్ ఆయిల్ పోశారు. రబ్బర్లన్నీ ఉబ్బిపోయి మాస్టర్, స్లేవ్, బ్రేక్ సిలిండర్లు అన్నీ మార్చాల్సి వచ్చింది. బ్రేక్ ఆయిల్ రకాన్ని డాట్ అంటారు, డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయండి.

వన్‌టౌన్_స్పేర్స్
బెజవాడ వన్ టౌన్‌లో స్పేర్స్ అమ్ముతాం. స్లేవ్ మొత్తం మార్చుకోవడమే మేలు. కొనే ముందు పాత సిలిండర్ బాడీ మీద పోత పోసిన అంకె చూడండి, 19.05 అనో 3/4 అనో ఉంటుంది, అది బోర్ సైజు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం వెడల్పు. రెండూ ఒకటే, ఒకటి మిల్లీమీటర్లు, ఒకటి అంగుళాలు. ఒకే మోడల్ బండికి కూడా సంవత్సరాన్ని బట్టి బోర్ మారుతుంది, బయటికి చూస్తే తేడా తెలియదు. స్లేవ్ బోర్ పెద్దదైతే రాడ్ తక్కువ కదులుతుంది, గేర్ పడదు, మీరు గాలి ఉందనుకుని వారమంతా బ్లీడింగ్ చేస్తూ, అంటే గాలి తీస్తూ కూర్చుంటారు. మాస్టర్ బోర్ పెద్దదైతే పెడల్ బరువెక్కుతుంది. పాతది చేతిలో పట్టుకుని షాపుకి రండి, ఫోన్లో మోడల్ చెప్పి తెప్పించుకోకండి.

మంగళగిరి_డీజిల్
ప్రతిదానికీ మొత్తం మార్చు అంటే ఎలా అండీ. స్లేవ్‌లో ఉండేది ఒక పిస్టన్, ఒక స్ప్రింగ్, ఒకటో రెండో రబ్బర్లు. ఆ రబ్బర్ల కిట్ తెచ్చి వేసుకుంటే అయిపోతుంది. నేను ఎన్నో బళ్లకి కిట్‌లే వేశాను, బాగానే తిరుగుతున్నాయి. కిరాయి బండి నడుపుకునేవాడికి ప్రతి రూపాయీ లెక్కే. పైగా పాత కంపెనీ సిలిండర్ బాడీ ఇప్పుడు దొరికే లోకల్ కొత్తదాని కన్నా గట్టిది.

వన్‌టౌన్_స్పేర్స్
నేను కిట్లు కూడా అమ్ముతాను, మొత్తం సిలిండర్ అమ్ముకోవాలని చెప్పట్లేదు. కిట్ వేసి నెల తిరక్కుండానే లీకని వచ్చి నన్ను తిట్టినవాళ్లు ఉన్నారు, అందుకే చెప్పాను.

ఆటోనగర్_పాత_చేయి
ఇద్దరూ చెప్పింది నిజమే, బోర్ చూడకుండా ఎవరిదీ ఒప్పు అనలేం. పిస్టన్ తీసి, లోపల శుభ్రమైన గుడ్డతో తుడిచి, లైటు వేసి చూడు. తర్వాత వేలు పెట్టి గోరుతో చుట్టూ తిప్పు. గోరుకి ఏ గుంటా తగలకపోతే కిట్ వెయ్యి, హాయిగా నడుస్తుంది. గోరు ఎక్కడైనా పట్టిందంటే తుప్పు తిన్న గుంట ఉంది, కొత్త రబ్బరు కూడా అక్కడే చిరుగుతుంది. కొందరు ఎమరీ పేపర్ పెట్టి రుద్దేస్తారు. పైపైన మరక పోవడానికైతే సరే, గుంట పోయేదాకా రుద్దితే బోర్ పెద్దదై రబ్బరు వదులవుతుంది. అల్యూమినియం బాడీలు అయితే అసలు రుద్దొద్దు.

కిట్ వేసేటప్పుడు పెట్రోల్, డీజిల్, కిరోసిన్ ఏదీ తగలనివ్వొద్దు. మన షెడ్లలో అన్నీ డీజిల్లోనే కడుగుతారు, అక్కడే రబ్బరు చచ్చిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడిగి, దానితోనే తడిపి ఎక్కించాలి. రబ్బరు పెదవి ఆయిల్ ప్రెషర్ వచ్చే వైపుకి ఉండాలి, తిరగేసి ఎక్కిస్తే మొదటి తొక్కుకే కారుతుంది.

పటమట_బోధకుడు
ఆ గుంటలు ఎందుకు పడతాయో చెప్తాను. డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ ఆధారంగా చేసినవి, గాలిలోని తేమని పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తది కనీసం 230 డిగ్రీలకి గానీ మరగకూడదని ప్రమాణం, అదే 3.7 శాతం నీళ్లు చేరాక 155 డిగ్రీలకి దిగినా సరిపెట్టుకుంటారు. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. క్లచ్ లైన్ బ్రేకులంత వేడెక్కదు కాబట్టి మరిగే బాధ తక్కువ, కానీ ఆయిల్లో కలిసిన ఆ నీరు స్లేవ్ బోర్‌ని తుప్పు పట్టిస్తుంది. కృష్ణ ఒడ్డున, వానాకాలం తేమలో తిరిగే బళ్లకి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం మంచిది. బ్రేక్ ఆయిల్ మార్చే వాళ్లు కూడా నాలుగు చక్రాల దగ్గర తీసి క్లచ్ దగ్గర తీయడం మర్చిపోతారు. ఆయిల్ టీ డికాషన్ రంగుకి వచ్చిందంటే ఆలస్యమైనట్టే. ఎప్పుడో తెరిచి సగం వాడిన డబ్బాలు దాచుకుని పోయకండి. డాట్ 5 అని రాసి ఉంటే అది సిలికాన్, మీ దాంట్లో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాలే.

నల్లపాడు_వ్యాన్
గోరు పట్టింది అన్నా, మూతి దగ్గర రెండు చోట్ల. కొత్త స్లేవ్ తెచ్చాను, పాతది పట్టుకెళ్లి అంకె కలిపి చూశాకే. షెడ్డులో వాళ్లే బిగించి ఎయిర్ తీశారు. రివర్స్ ఎంత మెత్తగా పడుతోందో చెప్పలేను. శ్రీశైలం కిరాయి మాత్రం వేరే బండికి అప్పజెప్పాను, కొత్త పని మీద ఘాట్ ఎక్కడం ఇష్టం లేక. ఊళ్లో తిప్పి చూస్తాను. అందరికీ ధన్యవాదాలు.

మంగళగిరి_డీజిల్
గుంట ఉంటే కొత్తదే కరెక్ట్. సంతోషం.

నల్లపాడు_వ్యాన్
మళ్లీ వచ్చాను. వారం బాగానే నడిచింది. ఇప్పుడు రాత్రి ఆపి పొద్దున తొక్కితే పెడల్ సగం దాకా ఖాళీగా పోతోంది. స్లేవ్ బూట్ లాగి చూశాను, పొడిగా ఉంది. పైపు నట్టులన్నీ తెల్ల కాగితంతో తుడిచి చూశాను, ఏమీ అంటలేదు. డబ్బాలో మాత్రం కొద్దిగా తగ్గింది. సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేర్లో పెట్టి క్లచ్ తొక్కి పట్టుకుంటే కాసేపటికి బండి దానంతట అదే ముందుకు పాకుతోంది. శంకర్ విలాస్ సెంటర్లో ముందున్న ఆటోకి తగలబోయి బ్రేక్ కొట్టాను. కొత్త స్లేవ్ డూప్లికేట్ ఇచ్చారేమో అని అనుమానంగా ఉంది.

పటమట_బోధకుడు
స్లేవ్‌ని అనుమానించకండి, అది పొడిగా ఉంది. మీరు చెప్పిన పాకడమే అసలు ఆధారం. పెడల్ కదలకుండా పట్టుకున్నారు, అయినా క్లచ్ మెల్లగా పట్టుకుంటోంది, అంటే పట్టి ఉంచిన ప్రెషర్ ఎక్కడికో జారిపోతోంది. బయటికి కారకుండా ఇలా జరిగే చోటు మాస్టర్ ఒక్కటే. పిస్టన్ ముందు రబ్బరు అరిగితే ఆయిల్ దాని పక్క నుంచి వెనక్కి, డబ్బాలోకే పోతుంది, నేల మీద చుక్క కూడా పడదు. వెనక రబ్బరు కూడా పోతే క్యాబిన్లోకి కారుతుంది. మీకు లెవల్ తగ్గుతోంది కాబట్టి క్యాబిన్లో చూడండి. మ్యాట్ ఎత్తారా?

ఆ పరీక్ష రోడ్డు మీద మళ్లీ చేయొద్దు. బండి ముందు ఎవరూ లేని ఖాళీ చోట, బ్రేక్ మీద కాలు పెట్టుకుని చేయాలి. అంతకన్నా మంచిది, ఇంజిన్ ఆపి ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు స్లేవ్ రాడ్ చూడటం. తొక్కగానే బయటకి వచ్చి, పెడల్ కదలకుండానే మెల్లగా లోపలికి పోతుంటే అనుమానం తీరినట్టే.

నల్లపాడు_వ్యాన్
మ్యాట్ ఎత్తాను సార్. కింద జూట్ మొత్తం తడి. పెడల్ కొమ్మ మీద పైనుంచి ఆయిల్ గీత దిగింది, అది దిగిన దారంతా పెయింట్ పొంగి ఊడిపోయింది. రాడ్ కూడా వెనక్కి పోతోంది, ఇద్దరం చూశాం. అంటే మొదటి నుంచీ మాస్టర్ కూడా పోయిందా? అప్పుడే రెండూ మార్చాల్సిందా?

ఆటోనగర్_పాత_చేయి
ముందు నుంచే ముసలిదై ఉంటుంది, ఈ ఎయిర్ తీయడంతో పూర్తిగా పోయింది. ఎలాగో చెప్తాను, ఇది చాలామంది కుర్ర మెకానిక్‌లకి తెలియదు, తెలుసుకోవాల్సిన విషయం. ఏళ్ల తరబడి బండి నడుస్తుంటే మాస్టర్ పిస్టన్ బోర్‌లో కొంత దూరమే అటూ ఇటూ తిరుగుతుంది. ఆ మేర బోర్ నున్నగా ఉంటుంది. దాని అవతల, పిస్టన్ ఎప్పుడూ వెళ్లని చోట, తుప్పూ మడ్డీ పేరుకుంటాయి. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఎయిర్ తీయడానికి పెడల్‌ని నేలదాకా ధనాధన్ తొక్కుతారు. పాత రబ్బరు వెళ్లి ఆ గరుకు మీద రాసుకుంటుంది, పెదవి చిరుగుతుంది. వారం పది రోజుల్లో కారడం మొదలు. పాత మాస్టర్ ఉంచి కింద పని చేసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెట్టి, నేలదాకా పోకుండా తొక్కాలి. బ్రేకులకీ ఇదే లెక్క.

అందుకే పదేళ్లు దాటిన బండికి ఒకటి పోతే రెండోది కూడా చూసుకోమంటాను. రెండూ ఒకే రోజు పుట్టాయి, ఒకే ఆయిల్ తాగాయి.

మాస్టర్ మార్చడం కొంచెం ఓపిక పని. పైపు నట్టుకి మామూలు ఫిక్స్ స్పానర్ పెట్టొద్దు, మూలలు తిరిగిపోతాయి, మూతి చీల్చిన రింగు ఉంటుంది, ఫ్లేర్ నట్ స్పానర్ అంటారు, అది తెచ్చుకో. చుట్టూ గుడ్డలు పరుచు, కింద వైరింగ్ మీదా పెయింట్ మీదా కారకుండా. కొత్త మాస్టర్‌ని బండికి బిగించే ముందే వైస్‌లో మెల్లగా పట్టించి, ఆయిల్ పోసి, పిస్టన్‌ని మొద్దు రాడ్‌తో మెల్లగా నెట్టి వదులుతూ బుడగలు ఆగేదాకా గాలి తీసేయి. బండికి ఎక్కించాక తీయాలంటే రోజంతా పడుతుంది. పెడల్ దగ్గర పిన్ను, దాని బుష్ కూడా చూడు, అరిగి గుడ్డుగా మారితే అక్కడే కొంత తొక్కు వృథా అవుతుంది, కొత్త మాస్టర్ వేసినా క్లచ్ కిందనే పట్టుకుంటుంది.

చివరికి రాడ్ అడ్జస్ట్‌మెంట్. పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడు రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి, పెడల్ దగ్గర వేలితో నొక్కితే ఆ కొద్ది వదులు తెలియాలి. ఎంత అన్నది బండి పుస్తకంలో ఉంటుంది. అసలు ఖాళీ లేకుండా బిగించకు.

తెనాలి_స్కూల్_బండి
మా బళ్లకి సిరంజితో కింద నుంచి పైకి చేస్తాం. సిరంజి నిండా కొత్త ఆయిల్ పట్టి, స్లేవ్ మీద గాలి తీసే నిప్పల్‌కి గొట్టం తగిలించి, మెల్లగా పైకి నెట్టడం. గాలికి పైకి పోవడమే సహజం, దానికి ఎదురు పని చేయక్కర్లేదు. పైన డబ్బా పొంగకుండా ఒకరు చూసుకోవాలి, ముందే కొంత తీసేయాలి. పెడల్ తొక్కే బాధే లేదు. కానీ లైన్లో పాత మడ్డి ఉంటే ముందు పైనుంచి కిందికి పాత ఆయిల్ మొత్తం దింపేసి, శుభ్రమైనది వచ్చాకే ఇలా చేయాలి. మీది బ్రేక్‌తో కలిసిన డబ్బా కాబట్టి మడ్డి అందులోకి ఎక్కకూడదు.

మంగళగిరి_డీజిల్
దీనికి నేను ఇంకోటి కలుపుతాను. కొన్ని బళ్లలో స్లేవ్ వంకరగా కూర్చుంటుంది, నిప్పల్ అన్నిటికన్నా పైన ఉండదు, గాలి సిలిండర్ మూలలో ఇరుక్కుంటుంది. ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. అప్పుడు స్లేవ్ రెండు బోల్టులూ విప్పి, పైపు ఉండగానే, నిప్పల్ పైకి వచ్చేలా పట్టుకుని, రాడ్‌ని చేత్తో పూర్తిగా లోపలికి నెట్టి ఉంచి నిప్పల్ తెరవండి. ఆ సమయంలో పెడల్ ఎవరూ తొక్కకూడదు, పిస్టన్ బయటకి ఊడి పడుతుంది.

పొన్నూరు_రోడ్డు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది కూడా పాత వ్యాన్, హైడ్రాలిక్ క్లచ్. మాస్టర్ ఈ మధ్యే మార్చారు. నాకు సమస్య తలకిందులుగా ఉంది. పొద్దున బాగుంటుంది, ఎండలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఓ అరగంట నడిస్తే క్లచ్ జారడం మొదలవుతుంది, కాసేపు ఆపి చల్లారనిస్తే మళ్లీ బాగుంటుంది. ప్లేట్ వేయించమంటున్నారు.

ఆటోనగర్_పాత_చేయి
నీకు కూడా అదే మాట, గేర్ బాక్స్ దింపొద్దు. ఇప్పుడే నల్లపాడు తమ్ముడికి చెప్పిన రాడ్ ఖాళీ నీ బండికి లేకుండా బిగించి ఉంటారు. మాస్టర్‌లో ఒక సన్న రంధ్రం ఉంటుంది, పెడల్ పైకి వచ్చినప్పుడు ఆ దారిన లైన్లో ఆయిల్ డబ్బాతో కలుస్తుంది. రాడ్ బిగుతుగా ఉంటే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రంధ్రం మూసుకునే ఉంటుంది. ఎండకీ ఇంజిన్ వేడికీ ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక స్లేవ్‌ని నెడుతుంది, నువ్వు పెడల్ మీద కాలు పెట్టకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంటుంది. జారినప్పుడు బండి పక్కకి ఆపి, ఇంజిన్ ఆపి, స్లేవ్ నిప్పల్ కొద్దిగా వదులు చేసి చూడు. ఆయిల్ చిమ్మి వెంటనే క్లచ్ పట్టిందంటే ఇదే. వేడిగా ఉంటుంది, చేతికి గుడ్డ చుట్టుకో, ముఖం పక్కకి పెట్టుకో. మాస్టర్ అడ్జస్ట్ చేశాక కూడా ఇలాగే ఉంటే మధ్యలో రబ్బరు గొట్టం మార్చు, పాతబడితే లోపల ఉబ్బి, ఆయిల్‌ని పోనిస్తుంది గానీ వెనక్కి రానివ్వదు.

పొన్నూరు_రోడ్డు
నిప్పల్ వదులు చేయగానే చిమ్మింది, క్లచ్ పట్టేసింది. రాడ్ వెనక్కి తిప్పించాను. నిన్న మధ్యాహ్నం రామవరప్పాడు రింగు నుంచి వారధి దాకా ట్రాఫిక్‌లోనే నడిపాను, జారలేదు. ప్లేట్ సెట్ డబ్బులు మిగిలాయి, మీకు రుణపడి ఉంటాను.

నల్లపాడు_వ్యాన్
మాస్టర్ మార్చాం. వైస్‌లో పెట్టి గాలి తీశాం, పాత ఆయిల్ మొత్తం దింపాం, తర్వాత తెనాలి అక్క చెప్పినట్టు సిరంజితో కింద నుంచి నెట్టాం, ఎక్కువసేపు పట్టలేదు. పెడల్ పిన్ను కూడా అరిగి ఉంది, మార్చాను. నాలుగు చక్రాల దగ్గర కూడా బ్రేక్ ఆయిల్ కొత్తది చేయించాను. తడిసిన జూట్ పారేసి, రేకు నీళ్లతో కడిగి, రెడ్ ఆక్సైడ్ కొట్టాను. ఇప్పుడు తొక్కి పట్టుకుంటే రాడ్ కదలట్లేదు, ఎంతసేపు చూసినా. ఖాళీ బండితో కోటప్పకొండ ఘాట్ ఎక్కి దిగాను, డబ్బా మీద మార్కర్‌తో గీసిన గీత దగ్గరే ఆయిల్ ఉంది.

ఒక్క సందేహం. పిస్టన్‌కీ రాడ్‌కీ మధ్య ఖాళీ సరిపోయిందో లేదో పుస్తకం లేకుండా ఎలా తెలుస్తుంది? మా దగ్గర మాన్యువల్ లేదు.

పటమట_బోధకుడు
డబ్బా మూత తీసి లోపలికి టార్చి వేయండి, ఇంకొకరు పెడల్‌ని వేలితో చాలా మెల్లగా నొక్కాలి. ముందు కొద్దిగా వదులుగా కదలాలి, ఆ తర్వాత నొక్కగానే చిన్న రంధ్రం నుంచి ఆయిల్ లేచి సుడి తిరగాలి, ఇంకా నొక్కితే అది ఆగిపోవాలి. ఆ సుడి కనపడిందంటే రంధ్రం తెరిచే ఉంది. మీ డబ్బా మాస్టర్‌కి దూరంగా పైపుతో కలిసి ఉంటుంది కాబట్టి సుడి కనపడకపోవచ్చు, అప్పుడు పొన్నూరు రోడ్డు గారికి చెప్పిన పరీక్షే చేయండి, అరగంట నడిపి వేడెక్కాక ఇంజిన్ ఆపి నిప్పల్ వదులు చేస్తే ఆయిల్ చిమ్మకుండా మెల్లగా కారాలి.

నల్లపాడు_వ్యాన్
చేశాను సార్. చిమ్మలేదు, మెల్లగా కారింది. నిప్పల్ బిగించి, లెవల్ చూసి మూత పెట్టేశాను. రేపటి నుంచి కిరాయిలు ఒప్పుకుంటున్నాను.